లీగు ఋతువు నేర్పు పాఠము
(హౌరాలో మన ఉద్యోగుల వార్షికోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



సాంస్కృతిక సంఘముల వేదికపై సాహిత్యమును గూర్చియో సంగీతమును గూర్చియో ప్రసంగించుట ఆచారము. కార్యదర్శిగారు నన్ను నాలుగు మాటలు చెప్పుమని కోరినప్పుడు వారును అట్టిదే యేదో ఆశించియుందురు. హాకీని గూర్చి, అందును కలకత్తా హాకీ లీగును గూర్చి చెప్పెదనని నేననగానే వారి ముఖమున కొంచెము సందేహము పొడసూపినది. ఆట సంస్కృతిలో చేరునా యని వారి సందేహము కాబోలు. దానికి మన భాషయే సమాధానము చెప్పుచున్నది. తెలుగున ‘ఆడుట’ యను క్రియ యొక్కటే. మాటయు ఆడుదుము, ఆటయు ఆడుదుము, నాటకమును ఆడుదుము. మాట నిలుపుకొనువానిని ‘ఆడి తప్పనివాడు’ అని మెచ్చుకొందుము. లీగు పోటీయొక్క సారమంతయు ఈ రెండు మాటలలోనే యిమిడియున్నది. ఆడెదనని ఒప్పుకొన్న దినమున, గెలుపు తథ్యమైనను, ఓటమి తథ్యమైనను, వచ్చి యాడుటయే లీగు. నేటి నా ప్రసంగము ఈ యొక్క విషయమునకు వ్యాఖ్యానము మాత్రమే.

ఈ సభలో ఆటలయందు అభిరుచి లేనివారును ఉందురు గనుక ముందుగా కొంత విశదము చేసెదను. పోటీలు ముఖ్యముగా రెండు విధములు. ఒకటి కప్పు పోటీ. ఇందు ఓడిన జట్టు ఆనాడే యింటిదారి పట్టవలెను. రెండవది లీగు. ఇందు ప్రతి జట్టును తక్కిన ప్రతి జట్టుతోడను తలపడవలెను. గెలిచినచో 2 పాయింట్లు, సరిసమానమైనచో 1, ఓడినచో సున్న. చిరకాలము నడచిన లెక్క యిది. ఋతువు ముగియునప్పటికి ఎవరి మొత్తము హెచ్చో వారే విజేతలు. అట్టడుగున నిలిచినవారు క్రింది తరగతికి దిగిపోవలెను.

16 జట్లున్నవనుకొందము. కప్పు పోటీ 15 ఆటలతో సమాప్తమగును. అందు 8 జట్లు మొదటి ఆటతోనే కనుమరుగగును. ఆ 16 జట్లే లీగు ఆడినచో 120 ఆటలు జరుగవలెను. ఎంత బలహీనమైన జట్టునకైనను 15 ఆటలు దక్కును. మొదటి ఆటలో కాలు తడబడిన కుఱ్ఱవానికి పదునైదవ ఆటనాటికి చేయి తిరుగును. కప్పు పోటీ పెండ్లివంటిది, లీగు కాపురమువంటిది. పెండ్లికి బాజాలును, పందిరియు, బంధువులును ఉందురు. కాపురమునకు అవి యేవియు లేవు. కాని మనిషి తెలిసివచ్చునది కాపురముననే.

కలకత్తా నగరమున ఈ పెండ్లియు, ఈ కాపురమును నూరేండ్లకు పైగా ప్రక్కప్రక్కనే నడచినవి. 1895లో బైటన్ కప్పు వెలసినది. దానిని బహూకరించిన టి. డి. బైటన్‌గారు బంగాళ ప్రభుత్వమున న్యాయశాఖాధికారి. అనగా మనవలెనే దస్త్రముల నడుమ బ్రదికిన మనిషి. తొలియేట నావల్ వాలంటీర్ల జట్టు దానిని గెలిచినది. 1905లో లీగు మొదలైనది. 1908లో బంగాళ హాకీ సంఘము ఏర్పడినది. భారతదేశము ఒలింపిక్ క్రీడలలో హాకీకర్ర పట్టుటకు ఇరువదేండ్లకు పూర్వమే యిచ్చట పాయింట్ల పట్టికలును, ముందుగా నిర్ణయించిన తేదీలును, వానిని పాటించు జట్లును ఉండెను. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్సునకు జట్టును ఎన్నుకొనుటకై రాష్ట్రముల నడుమ జరిపిన మొదటి పోటీయు కలకత్తాలోనే జరిగినది. అందు సంయుక్త రాష్ట్రముల జట్టు రాజపుటానాను ఓడించినది. ఆ యేటి మే 26వ తేదీన మనవారు హాలెండును 3-0తో ఓడించి తొలి స్వర్ణపతకము సంపాదించిరి. ధ్యాన్‌చంద్ అను సైనికుని పేరు లోకమునకు తెలిసినది అప్పుడే.

ఆనాటి ఋతుక్రమము చక్కనిది. కలకత్తా మైదానమున ఒకే పచ్చికపై ఏడాదికి మూడాటలు వంతులవారిగా నడచెడివి. శీతకాలమున క్రికెట్టు, చలి వెనుకబట్టగానే హాకీ, వానలతో ఫుట్‌బాలు. హాకీ వంతు వచ్చునప్పటికి నేల ఎండి గట్టిపడును. బంతి నేలనంటి బాణమువలె పోవును. చైత్రమాసమునాటికి పచ్చికకన్న దుమ్మే హెచ్చు. సాయంకాలమున ఒక్కొక్కప్పుడు వాయవ్యమునుండి ‘కాల్ బైశాఖి’ గాలివాన వచ్చి ఆటను చెదరగొట్టును. ఆట 70 నిమిషములు. 35 నిమిషముల కొక విరామము. ఎదురెదురుగా ఇద్దరు నిలిచి, కర్రను నేలకు ఒకమారు, ఎదిరి కర్రకు ఒకమారు చొప్పున మూడుమార్లు తాకించి బంతికై పెనుగులాడుటతో ఆట మొదలగును. దీనిని ‘బుల్లీ’ యనెడివారు. ఆటగాడు అలసినచో మరియొకనిని దింపు పద్ధతి ఆనాడు లేదు. బరిలో దిగిన పదునొకండుగురే చివరివరకు. లీగు ముగిసిన తరువాత ఎండలు ముదురుచుండగా బైటన్ కప్పునకై దేశము నలుమూలలనుండి జట్లు వచ్చెడివి. కాపురము గడిపినవారికి తుదకు పెండ్లి యన్నమాట!

ఇక ఆడినవారెవరు? ఈ ప్రశ్నకు సమాధానము మన సభకు ప్రత్యేకముగా సంతోషము కలిగింపవలెను. మోహన్ బగాన్ వంటి ప్రజాసంఘములుండెను. 1935లో ఆ సంఘము లీగు విజేతయైనది, 1952లో బైటన్ కప్పును గూడ గెలిచినది. కాని లీగునకు వెన్నెముకగా నిలిచినవి కచేరీల జట్లు: కస్టమ్సు, పోర్టు కమిషనర్లు, పోలీసు, బెంగాల్ నాగపూర్ రైల్వే. పగలు సరకుల జాబితాలు సరిచూచినవారును, రేవులో ఓడల లెక్క వ్రాసినవారును, రైలుబండ్ల రాకపోకలు నడిపినవారును సాయంకాలము మైదానమున కర్ర పట్టెడివారు. ఆటయే వారికి జీవనము కాదు. ఆఫీసు కాలము ముగిసిన పిమ్మట మిగిలిన శక్తితో ఆడిన యాట అది. అట్టి యాటలోనుండి ప్రపంచ విజేతలు పుట్టిరనునది మరువరానిది.

కప్పు పోటీకి ఉన్న మిరుమిట్లు గొలుపు కాంతిని నేను కాదనను. 1933లో బైటన్ కప్పు తుది పోటీయందు కలకత్తా కస్టమ్సును ఝాన్సీ హీరోస్ అను జట్టు ఎదుర్కొన్నది. ఝాన్సీ జట్టున ధ్యాన్‌చంద్ ఉండెను. అప్పటికే రెండు ఒలింపిక్ స్వర్ణములు గెలిచినవాడు. కస్టమ్సువారు లీగులో ఆరితేరినవారు. ఒకరి చూపు ఒకరికి తెలిసినవారు. వారి ఒత్తిడికి ఝాన్సీ జట్టు ఉక్కిరిబిక్కిరి యగుచుండగా, ధ్యాన్‌చంద్ నడిమినుండి ఒక పొడుగాటి బంతిని ఇస్మాయిలునకు అందించెను. ఇస్మాయిలు దానితో సగము మైదానము పరుగెత్తి గోలు కొట్టెను. ఆనాటి గోలు అదియొక్కటే. తన జీవితమున ఆడిన ఉత్తమమైన ఆట ఏదియని యడిగినప్పుడు ధ్యాన్‌చంద్ తన ఒలింపిక్ విజయములను గాక ఈ 1933 నాటి ఆటను పేర్కొనెను. ఓడిన కస్టమ్సు అంత గొప్ప జట్టు కానిచో ఆ యొక్క గోలునకు అంత విలువ యుండెడిదా? కస్టమ్సును అట్టి జట్టుగా చేసినది ఏ కప్పును గాదు. ఏటేట, వారము వారము, చూపరులు పలుచనై యున్న సాయంకాలములందు ఆడిన లీగు.

ఇప్పుడు మన హౌరా సంగతికి వచ్చెదను. కలకత్తాకు వచ్చు తెలుగువాడు ముందుగా కాలు మోపునది హౌరా స్టేషనున. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే, అనగా మన పెద్దలు నేటికిని ‘బియ్యన్నార్’ అని పిలుచునది, తూర్పుతీరము వెంబడి వాల్తేరునకు దారి కలిపినది. విజయనగరము, శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి వేలకొలది కుటుంబములు ఆ దారి వెంబడి వచ్చి ఖరగ్‌పూరున, సంత్రాగాచిలో, శాలిమారులో స్థిరపడినవి. మరికొందరు గంగ యొడ్డున జనపనార మిల్లులలో చేరిరి. 1955 ఆగస్టు 1వ తేదీన ఆ రైల్వే ఆగ్నేయ రైల్వేగా మారినను, ‘బి. ఎన్. ఆర్.’ అను మూడక్షరములు మాత్రము మైదానమున చాలకాలము బ్రదికినవి.

ఆ బి. ఎన్. ఆర్. హాకీ జట్టు సామాన్యమైనది కాదు. 1932, 1936 ఒలింపిక్సులలో ఆడిన టాప్‌సెల్, 1936లో ఆడిన గాలిబార్డీ ఆ జట్టువారే. 1943, 1944, 1945 సంవత్సరములందు వరుసగా మూడుమార్లు ఆ జట్టు బైటన్ కప్పును గెలిచినది. ఆటగాండ్రలో పెక్కురు ఆంగ్లో ఇండియనులు. వారి యిండ్లును మనవారి యిండ్లును ఒకే రైల్వే కాలనీలో వేరువేరు వీధులలో నుండెను. మనవారిలో హాకీ కర్ర పట్టినవారికన్న ఫుట్‌బాలు తన్నినవారు ప్రసిద్ధికెక్కిరి. 1949లో కలకత్తా లీగు, ఐ. ఎఫ్. ఏ. షీల్డు, రోవర్సు కప్పు మూడింటిని గెలిచిన ఈస్ట్ బెంగాల్ జట్టున ‘పంచపాండవులు’ అని పేరుబడిన ఐదుగురు ముందు వరుస ఆటగాండ్రలో అప్పారావు మన యాంధ్రుడు. బి. ఎన్. ఆర్. జట్టునకు ఆడిన అప్పలరాజు పేరు వినిననే ఏ ప్రాంతమువాడో మనకు తెలియును. 1964 ఆసియా కప్పు ఫుట్‌బాలులో దక్షిణ కొరియాపై ఆట మొదలైన రెండవ నిమిషముననే గోలు కొట్టినవాడతడు. ఆ కప్పులో భారతదేశము రెండవ స్థానము పొందినది. వీరందరును ఏ ఒక్కనాటి మెరుపువలననో పైకి వచ్చినవారు గారు. వారము వారము లీగు ఆడి గట్టిపడినవారు.

హాకీలో లీగు మహిమకు నిదర్శనముగా నేను చెప్పదలచిన పేరు లెస్లీ క్లాడియస్. అతడు 1927లో బిలాస్‌పూరున పుట్టెను. ఖరగ్‌పూరున బి. ఎన్. ఆర్.లో ఫుట్‌బాలు ఆడుచుండెను. 1946లో బైటన్ కప్పునకు ముందు బి. ఎన్. ఆర్. రెండు జట్లు తమలో తాము అభ్యాసక్రీడ ఆడుచుండగా, 1932 ఒలింపిక్ వీరుడైన డికీ కార్ ఇతనిని చూచి హాకీలోనికి రప్పించెను. 19 ఏండ్ల ఫుట్‌బాలు ఆటగాడు సుమారు రెండేండ్లకే 1948 లండను ఒలింపిక్సునకు పోయిన భారతజట్టులో నుండెను. పిమ్మట పోర్టు కమిషనర్లలోను, ఆపైన కస్టమ్సులోను చేరెను. 1948, 1952, 1956లలో స్వర్ణములు, 1960లో నాయకుడుగా రజతము. నాలుగు ఒలింపిక్సులలో హాకీ ఆడిన మొదటివాడు, నూరు అంతర్జాతీయ క్రీడలాడిన మొదటివాడు. అంతటివాడును రోమునుండి తిరిగివచ్చి, కస్టమ్సు కచేరీలో సంతకము చేసి, సాయంకాలము లీగు ఆటకు దిగెడివాడు. 1971లో పద్మశ్రీ వచ్చినది. 2012లో లండను ఒలింపిక్సు సందర్భమున అచ్చటి రైలు స్టేషనులకు క్రీడావీరుల పేర్లు పెట్టి ఒక పటము ప్రకటించినప్పుడు అందొక స్టేషనునకు ఇతని పేరుంచిరి. రైల్వే మైదానమున మొదలైన జీవితమునకు రైల్వే స్టేషను పేరు తగిన గౌరవమే. ఆ యేటి డిసెంబరులో కలకత్తాలోనే ఆయన కన్నుమూసెను.

లీగు మహిమ యిచ్చటనే కాదు. సముద్రములకావల ఐర్లండునందును ఇట్టి కథయే కలదు. హాకీకి చుట్టమైన ‘హర్లింగు’ అను ప్రాచీనమైన కర్రయాట అచ్చట జాతీయక్రీడవలె నున్నది. జట్టునకు 15 మంది. కర్ర ఒక జాతి ధృఢమైన చెట్టు కొయ్యతో చేసినది, చివర వెడల్పుగా నుండును. బంతిని నేలపై కొట్టవచ్చును, గాలిలో కొట్టవచ్చును, కర్ర చివర నిలిపి పరుగెత్తవచ్చును. గోలులో పడినచో 3 పాయింట్లు, గోలు అడ్డుకర్రకు మీదుగా పోయినచో 1. మన పల్లెలలో బిళ్ళంగోడు ఆడిన చేతులకు ఆ యాట చూచిననే తహతహ పుట్టును. 1884లో తర్లెస్ అను పట్టణమున ఏర్పడిన గేలిక్ క్రీడాసంఘము దానిని పోషించుచున్నది. 1925-26లో వారు జాతీయ లీగును ప్రారంభించిరి. తొలి విజేత కార్క్ మండలము. ఆటగాండ్రకు జీతములు లేవు. ఉపాధ్యాయులును, రైతులును, ఉద్యోగులును తమ పుట్టిన మండలముకొరకు ఆడుదురు.

అచ్చటను చలికాలపు చివర లీగు, వేసవిలో దేశపు ఛాంపియనుషిప్పు. 2025లో జరిగినది వినుడు. ఏప్రిలులో కార్క్ జట్టు టిపెరరీ జట్టును ఓడించి 1998 తరువాత మొదటిమారు లీగును గెలిచినది. జూలైలో ఛాంపియనుషిప్పు తుది పోటీకి మరల ఆ రెండు జట్లే వచ్చినవి. విరామసమయమునకు కార్క్ 6 పాయింట్లు ముందున్నది. రెండవ భాగమున ఆ జట్టు చేసినవి రెండే రెండు పాయింట్లు! టిపెరరీ గెలిచినది. లీగున ఓడినవారు ఆ యోటమినుండి పాఠము నేర్చిరి. ఓడినవానికి మరల వచ్చుటకు తావుండుట లీగు స్వభావము. ఇచ్చట ఓటమి తీర్పు గాదు, వాయిదా మాత్రమే. కోర్టు కచేరీల పరిచయమున్నవారికి ఈ తేడా నేను విడమరచి చెప్పనక్కరలేదు!

ఇంతవరకు వైభవము చెప్పితిని. ఇక క్షీణదశను గూడ చెప్పుట న్యాయము. 1976 మాంట్రియలు ఒలింపిక్సులో మొదటిమారుగా హాకీని పచ్చికపై గాక కృత్రిమపు తివాచీవంటి నేలపై ఆడించిరి. 1928 నుండి 1972 వరకు ప్రతి ఒలింపిక్సులోను పతకము తెచ్చిన భారతజట్టు ఆనాడు ఏడవ స్థానమునకు దిగిపోయినది. నేల మారగానే ఆట మారినది. గతుకుల నేలమీద బంతిని మచ్చిక చేసికొను మణికట్టు నేర్పునకన్న వేగమునకును, బలమునకును విలువ హెచ్చినది. తివాచీ నేల వేయుటకు కోట్లు కావలెను. దానిని తడుపుటకు నీరు కావలెను. కలకత్తా మైదానపు ఎండుపచ్చిక ఒక్కసారిగా పాతకాలపు బడియైపోయినది. అచ్చట నేర్చినవాడు పై పరీక్షకు పనికిరాడనుమాట వ్యాపించినది. మరియొకవైపు క్రికెట్టు, దూరదర్శనము కలిసి యువకుల సాయంకాలములను ఆక్రమించుకొన్నవి. కచేరీల జట్లలో కొత్తవారి రాక సన్నగిల్లినది. లీగు చచ్చిపోలేదు, కాని దానిని చూచుటకు పోవువారెవరని మీరు మీ వీధిలో విచారించినచో సమాధానము మీకే తెలియును.

ఐనను చీకటి యంతటను లేదు. 41 ఏండ్ల యెడబాటు తరువాత 2021లో టోక్యోలో భారతజట్టు జర్మనీని 5-4తో ఓడించి కాంస్యము తెచ్చినది. 2024లో పారిసునందు స్పెయినును 2-1తో ఓడించి దానిని నిలుపుకొన్నది. 2017 పిమ్మట ఆగిపోయిన హాకీ ఇండియా లీగు 2024 డిసెంబరులో ఎనిమిది పురుషుల జట్లతో మరల మొదలైనది. 2025 ఫిబ్రవరి 1న రూర్కెలాలో దాని తుది పోటీ. ఎవరెవరికి? బెంగాల్ టైగర్సునకును, హైదరాబాదు తూఫాన్సునకును! హౌరాలోని తెలుగువానికి ఇంతకన్న ధర్మసంకటము కలదా? అన్నము పెట్టిన నేల యొకవైపు, పేరు పెట్టిన నేల యొకవైపు. బెంగాలు 4-3తో గెలిచినది. అందు మూడు గోలులు జుగరాజ్ సింగువి. ఎటు గెలిచినను మనకు మిఠాయి తప్పదుగదా! సోదరీమణులకు మరియొక శుభవార్త: 2025 జనవరిలో రాంచీయందు మహిళలకును మొదటిమారుగా ఈ లీగు జరిగినది. చిత్తూరు జిల్లా పల్లెనుండి వచ్చిన ఎతిమరపు రజని భారత మహిళాజట్టునకు గోలు కాచిన తెలుగు ఆడుబిడ్డ. హైదరాబాదు నందనూరి ముఖేశ్ కుమారు 1992, 1996, 2000 సంవత్సరములలో మూడు ఒలింపిక్సులు ఆడెను. కనుక ఈ యాట తెలుగువారికి పరాయిది కాదు.

కాని యొక భేదము గమనింపవలెను. వేలముపాటలో ఆటగాండ్రను కొని కొలది వారములలో ముగించు లీగు కోతకాలపు పండుగవంటిది. అది రావలసినదే, చూడవలసినదే. ఐతే కోతకు వచ్చువారు హెచ్చి, నారు పోయువారు తగ్గినచో చేను ఏమగును? నారుమడి యనునది ఊరిలీగు. మూడవ తరగతి, రెండవ తరగతి జట్లు, వానికి కర్రలు మోయు పిల్లలు, గీతలు గీయు మాలీ, చీటిపై స్కోరు వ్రాయు గుమాస్తా, వీరందరు కలిసిననే అది పండును. మన హౌరాలోనే డుమూర్జలాయందు కృత్రిమ హాకీ మైదానము గలదు. ఒకప్పుడు మైదానమునకు వంతెన దాటి పోవలసివచ్చెడిది. 2024 మార్చినుండి హౌరా మైదానమునుండి గంగ క్రిందుగా ఎస్ప్లనేడునకు మెట్రో బండియు నడచుచున్నది. దూరమనునది యిక సాకు గాజాలదు.

ఇప్పుడు ఈ ప్రసంగమును సాంస్కృతిక సంఘమున ఏల చేసితినో చెప్పి ముగించెదను. ఆంధ్రులు ఆరంభశూరులని యొక అపవాదు చిరకాలముగా నున్నది. అది నిజమో కాదో గాని, దానిని వినినప్పుడు మనలో ఎవరికిని ఆశ్చర్యము కలుగదనుట నిజము. పరాయిచోట నివసించు తెలుగువారి సంఘములను చూడుడు. ఉగాదినాడు పందిరి నిండును, పులిహోర చాలదు, ఉపన్యాసములు రాత్రి తొమ్మిది దాటును. అది మన కప్పు పోటీ. కాని ఆదివారము ఉదయము పిల్లలకు అక్షరములు నేర్పు తరగతి పెట్టినచో, మొదటి ఆదివారము పలకలు చాలవు, పదవ ఆదివారము పిల్లలు చాలరు. అది మన లీగు. మనము ఓడిపోవుచున్నది అచ్చటనే. ఇంట తెలుగు మాటాడుచు బడిలో బంగాళీ, హిందీ చదువు మూడవతరము పిల్లవానికి ‘ఱ’ యేదో ‘ర’ యేదో తెలియకపోయినను క్షమింపవచ్చును. తాతగారు వ్రాసిన ఉత్తరము చదువలేకపోవుట క్షమింపరానిది. ఆ లోపము ఉగాది పందిరిలో తీరదు. వారము వారము, వర్షమైనను, ఎండయైనను, నలుగురే వచ్చినను, నడిపిన తరగతిలోనే తీరును.

కావున రెండు ప్రార్థనలు చేసెదను. మొదటిది: ఏటేట ఒక్కనాడు జరుపు ఆటలపోటీకి మారుగా మన కచేరీలనుండి ఆరు జట్లను కూర్చి చిన్న లీగును నడుపుడు. హాకీ కుదిరిన హాకీ, కానిచో వాలీబాలు. ఆరు జట్లకు 15 ఆటలు. ఆదివారమున కొకటి చొప్పున 15 ఆదివారములు. గెలిచినవారికి బహుమతి యెట్టిదైనను సరే. మొదటినుండి ఓడుచు, ఆశ యేమియు మిగులకున్నను, చివరి ఆదివారమునాడును పదునొకండుగురతో బరికి వచ్చిన జట్టునకు మాత్రము ఒక ప్రత్యేక బహుమతి నుంచుడు. రెండవది: ఆ ఆదివారములందే, ఆ మైదానపు గట్టుననే, ఆటకు ముందు ఒక గంట పిల్లలకు తెలుగు తరగతి నడుపుడు. ఆటకై వచ్చిన తండ్రితోపాటు పిల్లవాడును వచ్చును. ఆట యొక్క పట్టికయే తరగతికిని పట్టిక యగును. ఆట ఆగినచో తరగతి ఆగును, తరగతి ఆగినచో ఆట ఆగునని నియమము పెట్టుకొన్నచో రెండును ఒకదానినొకటి నిలువబెట్టును.

ఇది గొప్ప పథకము కాదు. దీనికి విరాళములతో పనిలేదు, శంకుస్థాపనతో పనిలేదు. కావలసినది ఒక్కటే: తేదీలు వ్రాసిన కాగితమును గోడకు అంటించి, ఆ కాగితమునకు కట్టుబడియుండుట. కస్టమ్సు గుమాస్తాలును, రైల్వే ఉద్యోగులును ఈ నగరమున అట్టి కాగితమునకు కట్టుబడియే ప్రపంచమును గెలిచిరి. మన పిల్లలకు మన అక్షరములు దక్కుటకు మనము అంతపాటి కట్టుబాటు చూపలేమా? కార్యదర్శిగారు ఆ కాగితమును సిద్ధము చేసినచో దానిపై మొదటి సంతకము నేను చేయుదునని ఈ సభాముఖమున మాట ఇచ్చుచున్నాను. మాట ఆడితిని గనుక ఇక ఆటయు ఆడవలసియున్నది.